బావగారి వీపు మీద వెర్మీర్

శ్రావణమాసంలో ఆయిల్ పెయింటింగ్ మొదలెట్టడం నా మొదటి తప్పు. 2,999 రూపాయలు కట్టి ఆన్‌లైన్ క్లాసులో చేరడం రెండోది. గొప్పవాళ్ళ బొమ్మ చూసి దించితేనే మనిషి మొహం పట్టుబడుతుందన్నాడు మాస్టారు. సరేనని డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ముత్యపు లోలాకు అమ్మాయిని పట్టుకున్నాను. అసలు బొమ్మ 44.5 సెంటీమీటర్ల ఎత్తు, మూరకి అర అంగుళం తక్కువ. ఇంతేనా అనుకున్నాను.

గళ్ళు గీశాను, మొహం దించాను. ముక్కు సంగతి అడక్కండి. వెర్మీర్ ముత్యానికి కొక్కెం కూడా ఉండదు, తెల్లరంగు రెండుచోట్ల తాకిస్తే ముత్యమైపోయింది. నాది తాటిముంజైంది.

వెనకంతా ఐవరీ బ్లాక్ పులిమాను. నూనెరంగు నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలి పీల్చుకుని గట్టిపడాలి. అందులో ఈ నలుపు మహా బద్ధకం. "మూడు రోజుల్లో ఆరిపోద్ది" అన్నాడు మాస్టారు. ఆయనది ఏ ఊరో గానీ, మా కోనసీమలో ఈ రోజుల్లో ఉప్పుడబ్బాలోనే నీరు ఊరుతుంది. ఆరట్లేదు మొర్రో అని మెసేజ్ పెడితే, రెండు దండాల బొమ్మలు, "ఓపిక పట్టండి సార్".

ఎనిమిదో రోజు సాయంత్రం కాన్వాస్‌ని ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో ఆనించి పెట్టాను. కరెంటు పోయింది. అమలాపురంలో పెళ్ళికని భీమవరం నుంచి వచ్చిన బావగారు, కొత్త తెల్ల లాల్చీతో, ఆ చీకట్లో సరిగ్గా ఆ కుర్చీలోనే కూలబడ్డారు. దిండు అనుకున్నారట. ముప్పై కౌంటు రొయ్య రేటెలా పడిపోయిందో ఇరవై నిమిషాలు చెప్పారు, బాగా జారబడి.

కరెంటు వచ్చింది. ఆయన లేచి పంచె సర్దుకుంటూ అటు తిరిగారు. వీపు మీద అమ్మాయి! అటుదిటై, కుడిపక్కకి తిరిగి, నన్నే చూస్తోంది. ఒట్టు, నా కాన్వాస్ మీద కంటే బాగుంది. నాకు పది రోజుల్లో రాని బుగ్గ మెత్తదనం అక్కడ వచ్చేసింది. అంచులు కరిగించడం మీద మాస్టారు నాలుగు క్లాసులు తీసుకున్నాడు. జారబడండి అని ఒక్క ముక్క చెబితే పోయేది కదా! పెదవి కొస దగ్గర ఆ తడి మెరుపు చూసి, చెప్దామని తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఈలోగా అక్క కారు హారన్ కొట్టింది. వెళ్ళిపోయారు. కారు సీటు మీద ఇంకో కాపీ పడిందనీ, అది తిరిగి అసలు బొమ్మలాగే ఎడమవైపుకి తిరిగిందనీ తర్వాత తెలిసింది.

పెళ్ళిభోజనాల్లో తినేవాళ్ళ కుర్చీల వెనక మనవాళ్ళు కాపలా ఉంటారుగా. అలా బావగారి వెనక నిలబడ్డ ఓ మామ్మగారు అక్కని పిలిచి, "ఎవరే అమ్మా ఈ పిల్ల? తలకి గుడ్డ కట్టుకుంది, జ్వరమా?" అందట.

అక్క పదకొండు సార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.

నిన్నటికి మూడు రోజులు. లాల్చీ మీద బొమ్మ చక్కగా ఆరిపోయిందట, ఉతికినా పోవట్లేదట. నా కాన్వాస్ ఇంకా వేలికి అంటుకుంటూనే ఉంది.