డాబా మీద రాజధాని

కృష్ణకు అవతలి ఒడ్డున రాజధాని కడుతుంటే, ఇవతల బెజవాడ సత్యనారాయణపురంలో నేను పేపరు చదువుతూ కూర్చోవడం బాగుండదనిపించింది. అందుకని మా డాబా మీద తోట వేయాలని తీర్మానించాను. ఉన్నది 600 చదరపు అడుగులు. మాస్టర్ ప్లాన్ నేనే గీశాను: నైరుతిలో టమాటా జోన్, ఈశాన్యంలో ఆకుకూరల జోన్, మధ్యలో ఉయ్యాల. సింగపూర్‌లా ఉండాలని పట్టుబట్టలేదు, ఉంటే వద్దననని మాత్రం చెప్పాను.

చిక్కల్లా స్థలంతోనే. తూర్పు సగం మా అమ్మది. వేసవి వస్తే వడియాలు, చల్లమిరపకాయలు అక్కడే ఎండాలి. పడమటి సగంలో మా ఆవిడ బట్టల తీగలు. బలవంతంగా లాక్కోవడం మన విధానం కాదు కాబట్టి ల్యాండ్ పూలింగ్ ప్రకటించాను: స్థలం మీరివ్వండి, అభివృద్ధి చేసి కొంత తిరిగిస్తాను. అవతల 2015లో ఎకరం జరీబు, అంటే నీటివసతి ఉన్న భూమి, ఇచ్చిన రైతుకు 1000 గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లు కౌలు అన్నారు. నేనూ తగ్గలేదు. అమ్మకు ట్యాంకు పక్కన 'అభివృద్ధి చేసిన' రెండు గజాలు, ఏటా పది గోంగూర కట్టలు, ఏడాదికి పది శాతం పెంపు.

"గోంగూర రైతుబజార్లో దొరకదంట్రా? ఆ రెండు గజాల్లో ట్యాంకు నీడ పడుద్ది, వడియాలు ఎండి చావవు" అంది. అభ్యంతరం నమోదు చేసుకుని ముందుకు సాగాను.

కడియం నర్సరీల నుంచి మొక్కలు దిగాయి. ఎర్రమట్టి లారీకి ఫోన్ చేయబోతుంటే ఇంజినీరైన మా మేనల్లుడు అడ్డుపడ్డాడు. "మావయ్యా, అడుగు మందాన మట్టి పోసి తడిపితే చదరపు మీటరుకి ఐదొందల కిలోలు దాటుద్ది. ఇలాంటి శ్లాబు పైన మోయడానికి లెక్కేసే బరువు, అంటే లైవ్ లోడ్, నూట యాభై." కాగితం మీద కూడి, డాబా మొత్తానికి ముప్ఫై టన్నులు తేల్చాడు. తర్వాత తాపీగా, "ఇంతకీ మీరు పడుకునేది దీని కిందేనా?" అన్నాడు. ప్రజా భద్రత దృష్ట్యా మట్టి మడులు రద్దయ్యాయి. కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపిన గ్రో బ్యాగులు పిట్టగోడ వెంట, కింద దూలాలున్న చోట వరసగా నిలబడ్డాయి.

మార్చి వరకు అంతా ఫొటోలే. తర్వాత బెజవాడ ఎండ వచ్చింది. ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదని నాకు అప్పుడే తెలిసింది. పసుపు పువ్వు చూడ్డానికి బాగానే ఉంటుంది. కాడ మధ్యలో ఉండే చిన్న కణుపు దగ్గర ఎండిపోయి, వేలు తగిలితే చాలు, చేతిలోకి వచ్చేస్తుంది. రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని పైకెళ్లి రాలిన పూలు లెక్కపెట్టడం నా అధికారిక విధి అయింది. యాభై శాతం షేడ్ నెట్ కట్టించాను. మొదటి గాలివానకే అది పక్కింటి డిష్ యాంటెన్నా మీద విశ్రాంతి తీసుకుంది.

అదే వానకు బ్యాగుల్లోంచి కారిన కోకోపీట్ తూముకి అడ్డంపడి డాబా మీద చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. పడగ్గది సీలింగు మీద చెమ్మ దిగింది, అచ్చం విభజన తర్వాతి ఆంధ్ర మ్యాపులా, తీరరేఖతో సహా. మా ఆవిడ దాన్ని రాత్రిళ్లు చాలాసేపు చూస్తుంది. ఏమీ అనదు. అదే భయం.

పనులు తాత్కాలికంగా నిలిపివేశాం. అమ్మ మాత్రం ఖాళీ బ్యాగులు ఓ పక్కకి నెట్టి వడియాలు పెట్టేసుకుంది.

మొన్న పప్పులో బచ్చలి రుచిగా ఉంటే ఎక్కడిదని అడిగాను. ట్యాంకు ఓవర్‌ఫ్లో గొట్టం కింద, అమ్మకిచ్చిన రెండు గజాల్లో, ఏ పిట్ట వేసిన గింజో మొలిచి పిట్టగోడంతా పాకిందట. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. మాస్టర్ ప్లాన్‌లో అసలు లేదు.

మొదటి దశ విజయాల కింద రాసుకున్నాను.