చోడి (రాగి) అంబలి కూడా పిండే కదండీ

అన్నం మానేసి చోడి అంబలి తాగితే షుగర్ దిగుతుందని మీ వ్యాసంలో రాశారు. కొత్తగా షుగర్ బయటపడినప్పుడు నేనూ రెండు నెలలు అదే చేశాను. చోళ్లలో పీచు ఉంది, నిజమే. కానీ 100 గ్రాముల పిండిలో 65 గ్రాములకు పైనే పిండిపదార్థం. పెద్ద గ్లాసుడు తాగిన రెండు గంటలకి వేలు పొడిచి చూస్తే 210!

ఇప్పుడు రైతుబజార్ బీరకాయ, తోటకూర, హార్బర్ నుంచి కానాగంత చేపలు. మా ఆవిడ ముందు కూరే వడ్డిస్తోంది, అన్నం చివర్లో చిన్న కప్పుడు. అలా మార్చిన మొదటి వారమే బీచ్ రోడ్డులో నడుస్తుంటే చెమటలు, కాళ్లు వణుకు. మీటర్లో చూస్తే షుగర్ 62కి పడిపోయింది. షుగర్ తగ్గించే మాత్ర గ్లిమిపిరైడ్ ఎప్పటిలాగే వేసుకుంటూ అన్నం కోసేశాను మరి! డాక్టరుగారు మాత్ర సగానికి తగ్గించారు. ఆ ముక్క వ్యాసంలో ఎక్కడా లేదు.

ముంత మసాలా బండి వచ్చినప్పుడు మాత్రం ఇప్పటికీ సముద్రం వైపు చూస్తూ నడుస్తాను.