ఖాళీ కుర్చీ మీద కేసు

చెంప పగలగొట్టినవాణ్ణి శిక్షించడం తేలిక. ఐదు వేళ్లూ అచ్చుపడి ఉంటాయి, వేరే సాక్ష్యం అక్కర్లేదు. పక్కన కూర్చోబోతే చటుక్కున కుర్చీలో బ్యాగు పెట్టి "ఎవరో వస్తున్నారు" అనేవాళ్లను ఏ సెక్షన్ కింద బుక్ చేయాలి? ఆ ఎవరో గంటైనా రారు. మర్నాడూ రారు. బ్యాగు మాత్రం రోజూ ఠంచనుగా వస్తుంది.

చాడీలు, ఎగతాళి, వెలివేత... ఈ మూడింటినీ బుల్లీయింగ్ కింద, అంటే వేధింపు కింద, జమకట్టి శిక్షించాలంటున్నారు కొందరు. నా మద్దతు సంపూర్ణం. ఇబ్బందల్లా రుజువు దగ్గరే.

ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వియస్ బుల్లీయింగ్‌కు మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయాలి, పదేపదే చేయాలి, చేసేవాళ్లది పైచేయి కావాలి. ముద్దాయిల దగ్గర మూడింటికీ జవాబుంది. కావాలనా? అబ్బే, సరదాకి అన్నాం. పైచేయా? మేమంతా ఫ్రెండ్సేనండీ. పదేపదేనా? నేను ఒక్కసారే అన్నాను. నిజమే పాపం, ఒక్కసారే. అలా ఒక్కొక్కసారి అన్నవాళ్లు పదహారు మంది.

పూర్వం ఏథెన్స్‌వాళ్లు ఎంత పద్ధతైన మనుషులో! ఒకణ్ణి వెలివేయాలంటే కుండపెంకుల మీద పేరు గీకి ఓటు వేసేవారు. ఆరు వేల పెంకులు పడితేగానీ ఆ తంతు చెల్లదు. గడువు పదేళ్లు, ఆస్తి జోలికి పోరు. మనకంత ఓపికేదీ? వాట్సాప్ గ్రూపులోంచి మనకు గిట్టనామెను తీసేయం, అది అమర్యాద. ఆమెను అందులోనే ఉంచి మనమంతా కొత్త గ్రూపులోకి వెళ్లిపోతాం. పాతదాంట్లో ఆఖరి మెసేజ్ ఆమెదే: "రేపు ఎన్నింటికి కలుద్దాం?" కింద నీలం టిక్కులు రెండు. మూడు వారాలుగా అవే టిక్కులు. జడ్జిగారు వాటిని సాక్ష్యంగా తీసుకుంటారంటారా?

"ఈమాత్రానికే నొచ్చుకోవాలా?" అంటారు పెద్దమనుషులు. 2003లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మనిషిని స్కానర్‌లో పడుకోబెట్టి కంప్యూటర్ తెర మీద మరో ఇద్దరితో బంతాట ఆడించారు. కాసేపటికి మిగతా ఇద్దరూ అతనికి బంతి విసరడం మానేశారు. దెబ్బ తగిలినప్పుడు చురుగ్గా పనిచేసే మెదడు భాగాల్లో ఒకటి అప్పుడూ చురుగ్గా పనిచేసింది. చిత్రమేమిటంటే, ఆ ఇద్దరూ అసలు మనుషులే కారు, ప్రోగ్రాములు.

చాడీల సంగతి మరీ చిక్కు. పదిమంది చేరినచోట మాటలు పక్కనుంచి విని లెక్కగట్టిన పరిశోధకుడు రాబిన్ డన్‌బార్, వాటిలో మూడింట రెండొంతులు మనుషుల సంగతులేనని తేల్చాడు. అందర్నీ లోపలేస్తే తాళం వేసేవాడు మిగలడు. పైగా, "ఆయన గదిలోకి ఒంటరిగా వెళ్లకు" అని కొత్తమ్మాయి చెవిలో వేయడం కూడా లెక్కప్రకారం గుసగుసే. చట్టం రాసేవాళ్లు ఏమరుపాటుగా ఉంటే మొదట ఇరుక్కునేది ఆ చెప్పినావిడే, ఆయన కాదు. ఇది మాత్రం నేను నవ్వుతూ అనడంలేదు.

సరే, నేరం రుజువైందనే అనుకుందాం. శిక్షేమిటి? రెండు వారాల సస్పెన్షన్. అంటే రావద్దు, ఎవరితోనూ కలవొద్దు. వెలివేసినందుకు వెలి.

అంతకంటే ముందు విచారణ కమిటీ కూర్చోవాలి కదా. ఫిర్యాదు చేసినామె తలుపు తీయగానే లోపల నవ్వులు టక్కున ఆగిపోతాయి. ఒకే కుర్చీ ఖాళీ. దాని మీద ఓ ఫైలు. ఆమె కేసుదే.