ఫ్లైట్ మోడ్ డ్రామా కాదు: గల్ఫ్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

పది రోజులుగా ఒక వాట్సాప్ మెసేజ్ మా చుట్టాల గ్రూపులన్నింట్లో తిరుగుతోంది. మొదట జగిత్యాలలో ఉండే మా బావ పంపాడు, అదే సాయంత్రం హన్మకొండలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కనిపించింది, తెల్లారేసరికి సిరిసిల్ల నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది: "ఇది నిజమేనా బిడ్డా, పిల్లగాడు పోయేటప్పుడు ఫోన్ బంద్ చెయ్యాల్నా, వద్దా?" ఆమె కొడుకు వచ్చే వారం దుబాయ్ పోతున్నాడు.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇది. విమానంలో ఫ్లైట్ మోడ్ పెట్టమనడం పెద్ద డ్రామా. ఎంతోమంది ఫోన్లు ఆన్‌లోనే ఉంచుకుంటారు, ఒక్క విమానం కూడా పడలేదు. అమెరికా 2013లోనే ఈ రూల్ ఎత్తేసింది. విమానంలో వాళ్లే వైఫై అమ్ముకుంటున్నారు. మన దేశపు బీఐఎస్, యూరప్ వాళ్ల సీఈ మార్కు ఉన్న వస్తువు ఎక్కడైనా సేఫే. విమానంలో పెట్టే పదివేల టీవీకి లక్షల బిల్లు వేయడానికే విమాన సర్టిఫికెట్లు పుట్టించారు. పవర్ బ్యాంక్ లగేజీలో వేయొద్దనేది ఎయిర్‌పోర్టు షాపుల్లో కొత్తది కొనిపించడానికే. చివర్లో "గల్ఫ్ పోయే ప్రతి ఒక్కరికీ పంపండి" అని.

నేను పదకొండేళ్లుగా ఈఎంఐ-ఈఎంసీ టెస్టింగ్‌లో ఉన్నాను. ఒక పరికరం తన చుట్టుపక్కల వాటిని రేడియో తరంగాలతో ఎంత ఇబ్బంది పెడుతుంది, బయటి నుంచి వచ్చే ఇబ్బందిని తను ఎంత తట్టుకుంటుంది, ఈ రెండూ కొలిచి చెప్పడమే నా ఉద్యోగం. ఈ మెసేజ్‌లో సగం సగం నిజాలున్నాయి కాబట్టే జనం నమ్ముతున్నారు. మా ఇంటి పిల్లలు, మీ ఇంటి పిల్లలు ఎక్కే విమానాల గురించి కాబట్టి ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"ఒక్క విమానం కూడా పడలేదు" అన్నది ముందు చూద్దాం. నిజమే, ప్రయాణికుడి ఫోన్ వల్లే విమానం కూలిందని దర్యాప్తులో రుజువైన ప్రమాదం లేదు. దాన్ని దాచాల్సిన పని నాకు లేదు. కానీ ఫోన్ ఆన్ చేస్తే విమానం పడిపోతుందని ఏ రూలూ చెప్పలేదు. రూల్ దేని గురించో తెలియాలంటే ఇంట్లోనే ఒక చిన్న ప్రయత్నం చేయండి. పాత రేడియోలో ఆకాశవాణి వరంగల్ ఎఫ్ఎం పెట్టి, దాని పక్కనే ఒక చౌక రకం ఎల్ఈడీ బల్బో ఛార్జరో ఆన్ చేయండి. చాలాసార్లు గరగర మొదలవుతుంది. ఆ బల్బు ప్రసారాల కోసం చేసింది కాదు, అయినా లోపలి స్విచ్చింగ్ సర్క్యూట్ నుంచి వచ్చే చెత్త సిగ్నల్ అంతా గాల్లోకి వదులుతూనే ఉంటుంది. మన ఎఫ్ఎం 108 మెగాహెర్ట్జ్ దగ్గర అయిపోతుంది, విమానం చెవి సరిగ్గా అక్కడే మొదలవుతుంది. 108 నుంచి 112 మధ్య లోకలైజర్, అంటే రన్‌వే నడిమి గీత నువ్వున్న చోటికి కుడికి ఉందా ఎడమకి ఉందా అని చెప్పే సిగ్నల్. 118 నుంచి 137 దాకా పైలట్లు కింద కంట్రోలర్లతో మాట్లాడే రేడియో. ఎంత వాలులో దిగాలో చెప్పే గ్లైడ్ స్లోప్ 329 నుంచి 335 మధ్య. నేల ఎన్ని అడుగుల కింద ఉందో కొలిచే రేడియో ఆల్టిమీటర్ 4,200 నుంచి 4,400 మధ్య. దూరం నుంచి వచ్చే ఈ సిగ్నళ్లు విమానం యాంటెన్నాకు చేరేసరికి వాట్‌లో కోటి వంతు కూడా మిగలవు. ఫోన్ మాత్రం అదే విమానం లోపల, కొన్ని మీటర్ల దూరంలో ఉంటుంది, దాని తరంగాలు కిటికీల గుండా బయటికి పోయి ఆ యాంటెన్నాల మీదే పడగలవు.

స్పీకర్ పక్కన కీప్యాడ్ ఫోన్ పెడితే కాల్ మోగకముందే టకటక టకటకమని చప్పుడు వచ్చేది గుర్తుందా? 2జీ ఫోన్ సెకనుకు 217 సార్లు ఆగి ఆగి ప్రసారం చేస్తుంది, ఆ చప్పుడు అదే. పైలట్ల హెడ్‌సెట్లలోనూ అది వినిపిస్తుంది. విమానం పడిపోదు. కానీ కంట్రోలర్ ఒక అంకె చెప్తున్న క్షణంలో చెవిలో ఆ టకటక పడితే "మళ్లీ చెప్పండి" అనాల్సి వస్తుంది, దిగేటప్పుడు ఆ రెండు సెకన్లు కూడా ఖరీదైనవే.

డిసెంబర్ తెల్లవారుజామున వరంగల్ నుంచి హైదరాబాద్ పోతుంటే జనగామ దాటాక పొగమంచు కమ్ముకుంటుంది, ముందున్న లారీ వెనక లైటు తప్ప ఏమీ కనబడదు. మధ్యాహ్నం ఎండలో అదే రోడ్డు మీద ఎవరో పక్కన కూర్చొని కబుర్లు చెప్పినా ఇబ్బంది లేదు, ఆ పొగమంచులో మాత్రం నోరు మూసుకోమంటాం. విమానానికీ అంతే. పైలట్‌కు రన్‌వే కళ్లకు కనబడుతున్నంత సేపూ ఒక పరికరం కాస్త తడబడినా సర్దుకుంటారు. ఏమీ కనబడకుండా పరికరాల మీదే ఆధారపడి దిగేటప్పుడు తప్పు అంకె వస్తే ఏమవుతుందో చూడాలంటే, 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ 1951 నంబరు విమానం చాలు. ఒక రేడియో ఆల్టిమీటర్ చెడిపోయి, విమానం ఇంకా గాల్లో ఉండగానే ఎత్తు మైనస్ 8 అడుగులని చూపింది, ఇంజిన్ల బలాన్ని తనంతట తనే సర్దే ఆటోథ్రాటిల్ నేల వచ్చేసిందనుకొని ఇంజిన్ల బలం తగ్గించింది, సిబ్బంది తేరుకునేలోపు వేగం పడిపోయింది, 9 మంది పోయారు. అక్కడ తప్పు ఫోన్‌ది కాదు, అది స్పష్టంగానే చెప్తున్నాను. ఆ ఒక్క అంకె మీద ఎంత ఆధారపడి ఉందో చూపించడానికే రాశాను.

అందరూ ఆన్‌లోనే పెట్టుకుంటారు కదా అన్నదానికి ఇంకో సంగతి. టవర్ దగ్గరుంటే ఫోన్ మెల్లగా మాట్లాడుతుంది, దూరమైన కొద్దీ గొంతు పెంచుతుంది. గాల్లో టవర్ సరిగా అందదు కాబట్టి గరిష్ఠ శక్తితో వెతుకుతూనే ఉంటుంది, 2జీలో అది 2 వాట్ల దాకా పోతుంది. అలాంటివి నూట ఎనభై ఉంటే? వాటిని విమానం కోసమని ఎవరూ పరీక్షించలేదు, ఒకడి ఫోన్ కొత్తది, ఒకడిది కిందపడి రిపేర్ చేయించినది.

"అమెరికా ఎత్తేసింది" అన్నది సగమే చెప్పారు. 2013 అక్టోబర్ 31న అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ చెప్పింది ఏమిటంటే, మా విమానాలు ఈ తరంగాలను తట్టుకుంటాయని ఎయిర్‌లైన్ రుజువు చేసుకుంటే టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఫోన్లు, ట్యాబ్‌లు వాడుకోనివ్వొచ్చు, అదీ ఫ్లైట్ మోడ్‌లో. బయట సరిగా కనబడని వాతావరణంలో దిగేటప్పుడు కెప్టెన్ ఆపేయమంటే ఆపేయాలి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా 2014 ఏప్రిల్‌లో ఇదే ఇచ్చింది, ఫ్లైట్ మోడ్ షరతుతోనే. గాల్లో సెల్ సిగ్నల్ మీద నిషేధం అమెరికాలో వేరే సంస్థది, టెలికాం చూసే ఎఫ్‌సీసీది, 1991 నుంచి ఉంది, దానికి కారణం విమానం కూడా కాదు: ఎత్తు మీదున్న ఫోన్ ఒకేసారి కింద బోలెడు టవర్లకు కనబడి నెట్‌వర్క్‌ను గందరగోళం చేస్తుంది.

నిజంగా రూల్ ఉత్తదే అయితే 2022 జనవరిలో ఎయిర్ ఇండియా అమెరికాకు కొన్ని విమానాలు ఎందుకు రద్దు చేసుకుంది? అక్కడ కొత్త 5జీ టవర్లు 3.7 నుంచి 3.98 గిగాహెర్ట్జ్‌లో మొదలయ్యాయి, పైన 4.2 దగ్గర, అంటే ఇందాకటి 4,200 మెగాహెర్ట్జ్ దగ్గర, రేడియో ఆల్టిమీటర్లు వింటున్నాయి, పాత ఆల్టిమీటర్లు ఆ పక్కింటి శబ్దాన్ని తట్టుకుంటాయా అన్న అనుమానం. అదే ఏడాది నవంబర్‌లో మన టెలికాం శాఖ కూడా, రన్‌వే రెండు చివర్ల నుంచి 2,100 మీటర్లు, నడిమి గీత నుంచి 910 మీటర్ల లోపల ఆ రకం 5జీ టవర్లు పెట్టొద్దని కంపెనీలకు రాసింది. నిజాం కాలం నాటి మన మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. రేపు అక్కడ విమానాలు దిగితే ఇలాంటి లెక్కలు మన ఊళ్లోనూ వేసుకోవాలి.

వైఫై అమ్ముకుంటున్నారు అన్నది చిన్న విషయం. విమానంలో పెట్టే వైఫై పెట్టెను ఆ రకం విమానంలోనే బిగించి, మిగతా పరికరాలన్నీ నడిపి చూశాకే అనుమతిస్తారు. మొబైల్ సర్వీస్ ఉన్న విమానాల్లో లోపలే చిన్న టవర్ ఉంటుంది, దగ్గరే ఉంది కాబట్టి ఫోన్లు అతి తక్కువ శక్తితో మాట్లాడతాయి. మన దేశంలో 2018 నిబంధనల ప్రకారం ఆ సర్వీస్ కూడా 3,000 మీటర్ల ఎత్తు దాటాకే. ఈ పరీక్షలు ఊరికే చేస్తారనుకునేవాళ్లు ఇది చదవండి: బోయింగ్ 737, 777ల్లో వాడే హనీవెల్ కాక్‌పిట్ తెరలు కొన్ని, వైఫై లాంటి సిగ్నల్ తగిలితే ఖాళీ అయ్యే అవకాశం ఉందని పరీక్షల్లోనే బయటపడింది. 2014లో ఎఫ్ఏఏ వాటిని ఐదేళ్లలో మార్చమని ఉత్తర్వు ఇచ్చింది, ఒక్క అమెరికాలోనే దాదాపు 1,300 విమానాలు దాని కిందికి వచ్చాయి.

ఇక మార్కుల సంగతి, నా పని ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. ఛార్జర్, పవర్ బ్యాంక్ మీద ఉండే బీఐఎస్ గుర్తు షాక్ కొట్టకుండా, నిప్పంటుకోకుండా చూసే భద్రతా పరీక్షకు సంబంధించినది. రేడియో తరంగాల గురించి అది ఏమీ చెప్పదు. సీఈ మార్కులో తరంగాల కొలత కూడా ఉంటుంది, కానీ అది ఇళ్లలో రేడియోలు, టీవీలు పాడవకుండా వేసిన కొలత. దాని హద్దు గీత 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ దాకా ఒకే ఎత్తులో సాఫీగా పోతుంది, మధ్యలో లోకలైజర్ ఉందని దానికి పట్టదు. విమాన పరికరాలకు ఉన్న ప్రమాణం వేరు, డీఓ-160 అంటారు, 1975లో మొదలైంది, 2010 డిసెంబర్‌లో వచ్చిన డీఓ-160జీ మీద నేను ఎక్కువ పని చేశాను. అందులో తరంగాల గ్రాఫ్ చూస్తే, విమాన రేడియోలు వినే చోట హద్దు గీత గుంటలో పడ్డట్టు కిందికి దిగిపోతుంది. ఆ గుంట కోసమే నెలలు పని చేసే ఇంజినీర్లున్నారు.

మా టెస్ట్ గది గోడల నిండా పిరమిడ్ల లాంటి ఫోమ్, తలుపు మూస్తే మన ఊపిరి మనకే వినబడేంత నిశ్శబ్దం. రాగిరేకు పరచిన బల్ల మీద పరికరం, దాని తీగలు రేకుకు సరిగ్గా 5 సెంటీమీటర్ల ఎత్తున, మీటరు దూరంలో యాంటెన్నా. ఒకరోజు పని అయ్యాక రోడ్డు పక్కన కొన్న ఒక ఛార్జర్‌ను అదే బల్ల మీద పెట్టి చూశాం. దాని మీద సీఈ అని అచ్చు కూడా ఉంది. గ్రాఫ్‌లో 100 నుంచి 140 మధ్య ముళ్లకంపలా లేచింది, ఆ గుంటలో హద్దు గీత మునిగిపోయి కనబడనే లేదు. మా జూనియర్ పిల్ల ఒకటే మాట అంది, "సార్, నేను మా అన్నకు ఇదే కొనిచ్చా."

"పదివేల టీవీకి లక్షలు" అన్నవాళ్లకు డీఓ-160లో ఏముందో తెలిస్తే బాగుండేది. తరంగాలు ఒక భాగం మాత్రమే. వేడి, చలి, పలచని గాలి, ప్రకంపనలు, తేమ, బూజు, ఉప్పు గాలి, పిడుగు దెబ్బకు తీగల్లో పుట్టే కరెంటు, చేతి స్పర్శతో వచ్చే స్టాటిక్, నిప్పంటుకోవడం, ఆఖరికి ఆ పెట్టె దిక్సూచి ముల్లును ఒక్క డిగ్రీ తిప్పాలంటే ఎంత దగ్గరికి రావాలన్నది కూడా కొలుస్తారు. విమానంలో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అంటే టీవీయే కదా అనుకోకండి. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా పోతున్న స్విస్ఎయిర్ 111లో కాక్‌పిట్ పైకప్పు వెనక తీగల దగ్గర రవ్వలు లేచాయి, ఆ తీగల్లో తర్వాత బిగించిన ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ తీగ ఉందన్నది దర్యాప్తు నిర్ధారణ, పక్కనున్న ఇన్సులేషన్ పొర అంటుకొని పాకింది, కెనడా తీరంలో విమానం సముద్రంలో పడి 229 మంది పోయారు. ఆ లక్షల్లో కొంత కంపెనీల లాభం ఉండొచ్చు, దాని గురించి ఎవరైనా అడిగితే నేనూ అడుగుతాను. కానీ పరీక్షలే దోపిడీ అంటే ఆ 229 కుటుంబాల ముందు నిలబడి ఆ మాట అనగలగాలి.

చివరిది, గల్ఫ్ పోయేవాళ్లకు నిజంగా ప్రాణాల మీదికి తెచ్చేది, పవర్ బ్యాంక్. మన దగ్గర అట్టపెట్టెకు తాడు చుట్టి, పచ్చళ్లు, సకినాలు, బట్టల మధ్య పవర్ బ్యాంక్ కూడా తోసేస్తారు. లిథియం సెల్ లోపల షార్ట్ అయితే తన వేడితో తనే రగులుకుంటుంది, పక్క సెల్‌ను అంటిస్తుంది. విమానం అడుగున లగేజీ గదిలో చల్లే హేలాన్ వాయువు మంటను అణుస్తుంది కానీ ఆ లోపలి రగులుడును ఆపలేదు. క్యాబిన్‌లో అయితే పొగ కనబడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. అందుకే చేతి సంచిలోనే ఉండాలన్నారు, షాపుల కోసం కాదు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచే లేచిన యూపీఎస్ కార్గో విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకొని ఇద్దరు పైలట్లూ చనిపోయారు. 2025 జనవరి 28న కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఇంకా లేవకముందే తలపై అరలో మంట లేచి పైకప్పు కాలిపోయింది, అందరూ దిగిపోయారు కాబట్టి బతికారు, అక్కడా అనుమానం పవర్ బ్యాంక్ మీదే.

లెక్క సులువు. 100 వాట్ అవర్ దాకా సాధారణంగా చేతి సంచిలో పోనిస్తారు, 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, దాటితే అసలు వద్దు. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్, 30,000 అయితే 111. విమానంలో దాన్ని వాడొచ్చా, ఎక్కడ పెట్టాలి అన్నది ఒక్కో ఎయిర్‌లైన్‌కు ఒక్కోలా మారుతోంది, టికెట్ తీసుకున్నప్పుడే చూసుకోండి.

నిన్న సిరిసిల్ల పోయి తమ్ముడి అట్టపెట్టె తాడు విప్పించాను. చిన్నమ్మకు కష్టమనిపించింది, ఎంత గట్టిగా కట్టిందో. కారప్పూస ప్యాకెట్ల కింద రెండు పవర్ బ్యాంకులున్నాయి. ఒకదాని మీద 74 వాట్ అవర్ అని ఉంది, అది వాడి చేతి సంచిలోకి పోయింది. రెండోదాని పక్క ఉబ్బింది, అంకెలు చెరిగిపోయాయి. దాన్ని ఇంట్లో కూడా ఉంచొద్దని చెప్పి నాతో తెచ్చేశాను.