వరంగల్ రోడ్డు గారికి బోడుప్పల్ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ వరంగల్ రోడ్డు గారి దివ్య సముఖమునకు హైదరాబాదు తూర్పు శివారు బోడుప్పల్ కాపురస్థుడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ మీ కుశలం రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కూటరు మీద చూస్తూనే ఉన్నాను. నా కుశలం రాత్రికి నా నడుము చెబుతూనే ఉంది. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

ముందు మీ పేరు సంగతి. మాకు తెలిసినప్పటి నుంచి మీరు వరంగల్ రోడ్డే. కాగితాల మీద చాలాకాలం 202వ నంబరు జాతీయ రహదారి. 2010లో దేశమంతటా రహదారులకు కొత్త నంబర్లు ఇచ్చినప్పుడు 163 అయ్యారు. ఈ మార్పును గుంతలకు ఎవరూ తెలియజేసినట్టు లేదు. పాత నంబరు కాలం నాటి చిరునామాల్లోనే అవి నిశ్చింతగా కాపురం చేస్తున్నాయి.

2018లో మీ నెత్తిన ఇంకో రోడ్డు కట్టడానికి శంకుస్థాపన జరిగింది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా, ఆరు కిలోమీటర్ల పైచిలుకు. నేను ప్లాటు కొన్నదీ అప్పుడే. "రెండేళ్లు ఓపిక పట్టండి సార్, ఆ తర్వాత మీరు హాయిగా పైనుంచే పోవచ్చు" అన్నాడు మధ్యవర్తి. ఆ ఒక్క మాటకు గజం ధర ఇంకొంచెం పెరిగింది, నేనూ బేరం చేయకుండా ఇచ్చేశాను. పోవడం అని అతను అన్నది ఏ అర్థంలోనో అప్పుడు అడగాలని తోచలేదు. వానాకాలంలో మీ మీద బండి నడుపుతున్నప్పుడల్లా తోస్తోంది.

ఏడేళ్లు దాటాయి. పిల్లర్లు లేచి, పైన రోడ్డు పూర్తికాక, పెళ్లికి రాటలు పాతి, పందిరి వేయడం మరిచి, వియ్యాలవారు పోట్లాడుకుని వెళ్లిపోయిన ఇంటి ముంగిలిలా ఉన్నారు మీరు. భూసేకరణ తేలలేదని ఒకసారి విన్నాం, గుత్తేదారు పని ఆపాడని ఇంకోసారి విన్నాం. అదే సంవత్సరం శంకుస్థాపన జరిగిన అంబర్‌పేట ఫ్లైఓవర్ 2025లో తెరుచుకుంది. దాని మీదుగా సాఫీగా దిగి వచ్చి, ఉప్పల్ చౌరస్తా దాటగానే మీ ఒడిలో పడుతున్నాం. ఆ తేడా పంటికి బాగా తెలుస్తుంది.

నా అసలు ఫిర్యాదు పిల్లర్ల మీద కాదండీ. అవి ఆలస్యమైతే అయ్యాయి. పైన రోడ్డు వస్తోంది కదా, కింద మళ్లీ తారు ఎందుకు దండగ అన్నారు చూడండి, ఆ తర్కం మీద. రాబోయే రోడ్డు కోసం ఉన్న రోడ్డును ఉపవాసం పెట్టారు. మధ్యలో స్థలం పిల్లర్లకు పోగా, మిగిలిన రెండు పక్కలే మాకు దిక్కు. ఆ పక్కల్లోనే వరంగల్ బస్సులు, పోచారం వైపు వెళ్లే కంపెనీ క్యాబులు, ఇసుక లారీలు, బడి ఆటోలు, నేనూ. మరీ గగ్గోలు పెడితే ఒక ట్రాక్టరు ఎర్రమట్టి వస్తుంది. ఎండ కాస్తే అది మా ముఖాలకు పౌడరు, వాన పడితే మా బండ్లకు ఊబి. ఇన్నేళ్లలో మీ మీద నిలకడగా జరిగిన అభివృద్ధి ఆ మట్టి ఒక్కటే.

దీన్ని పరిశోధించడానికి దూరం నుంచి ఎవరూ రానక్కరలేదు. భూకంపాలను నమోదు చేసే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హబ్సిగూడ దగ్గరే ఉంది. దేశాన్ని కొలవడం నేర్పే సర్వే శిక్షణ సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. మా వెనక సీట్లో గర్భిణులను, పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని పీర్జాదిగూడ మీదుగా ఒక్కసారి వెళ్తే వారి పరికరాలకు చేతినిండా పని.

ఉప్పల్‌కు సౌకర్యాలు రాలేదని అంటే కళ్లు పోతాయి. 2017లో మెట్రో వచ్చింది. 2023లో చౌరస్తా చుట్టూ 660 మీటర్ల స్కైవాక్ వచ్చింది. ఆ స్కైవాక్ మీద నిలబడి తూర్పు వైపు చూస్తే మీరు ఎంత అందంగా కనిపిస్తారో! ఎటొచ్చీ కిందికి దిగకూడదు.

శని, ఆదివారాల్లో యాదగిరిగుట్ట భక్తుల రద్దీ. స్వామి గుట్ట మీద శాంతంగానే దర్శనమిస్తారు. ఆయన ఉగ్రరూపం మాత్రం మాకు మేడిపల్లి దగ్గరే, ప్రతి డ్రైవరు ముఖంలోనూ దర్శనమవుతుంది.

మా అత్తగారు హనుమకొండ నుంచి వస్తుంటారు. "నారపల్లి వచ్చామమ్మా" అని ఆవిడ ఫోను చేశాకే మా ఆవిడ బియ్యం కడుగుతుంది. అన్నం ఉడికి, పప్పు ఉడికి, పోపు పడి, అప్పడాలు కూడా వేగాక అత్తగారు గుమ్మంలో అడుగుపెడతారు. ఈ లెక్క ఇంతవరకు తప్పలేదు. ఒకే ఒక్కసారి, ఏదో సెలవు రోజున రోడ్డు ఖాళీగా ఉండి ఆవిడ ముందే వచ్చేశారు. ఆకలితో కూర్చోబెట్టామన్న మాట ఇప్పటికీ పడుతున్నాను. అల్లుళ్ల గౌరవం కూడా మీ చేతిలోనే ఉందని మీకు తెలుసో లేదో.

మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 2009లో వచ్చిన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద జనం పిల్లరు నంబరుతోనే ఇంటి చిరునామా చెప్పుకుంటారు. అక్కడి పిల్లర్లు పైన రోడ్డును మోస్తూ తీరిక వేళల్లో చిరునామాలు కూడా మోస్తాయి. మావాటికి మోయడానికి రోడ్డు లేదు కనుక కోచింగ్ సెంటర్ల ప్రకటనలు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు మోస్తున్నాయి.

పెద్ద కోరికలు కోరను. పైన రోడ్డు ఎప్పుడైనా రానివ్వండి. వచ్చే శనివారం మా అత్తగారు వస్తున్నారు. ఈలోగా మా సందు మలుపులో ఉన్న ఆ పెద్ద గుంతకు, మట్టి కాదండోయ్, తారే, నాలుగు తట్టలు వేయించండి చాలు.

ఇట్లు,
మీ మీదే ఆధారపడిన,
బోడుప్పల్ వాసి

తా.క.: జవాబు రాస్తే చిరునామాలో మా పిల్లరు నంబరు వేయకండి. నిన్ననే దాని మీద ఎవరో నాయకుడి నవ్వు ముఖం అంటించారు.