తప్పిపోయిన విమానాన్ని వెతకడం దండగ ఖర్చట!

ఈ పొద్దున మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా బావగారు ఒక తీర్పు వెలువరించారు. జలాంతర్గాములను వేటాడవలసిన నౌకాదళ విమానాలను తప్పిపోయిన విమానాల గాలింపుకు పంపడం ప్రజాధనాన్ని సముద్రంలో పోయడమేనట. కాజీపేట దాటిన రైలు ఎక్కడుందో ఫోనులో కనిపించే ఈ కాలంలో విమానం జాడ తెలియకపోవడమేమిటని పైగా ఒక వెటకారం. మామునూరు నుంచి విమానం ఎగిరిన రోజున మొదటి టికెట్ తనదేనని హన్మకొండ అంతా చెప్పుకొని తిరిగే పెద్దమనిషి మాటలివి.

అయ్యా, నడిసముద్రంలో సెల్ టవర్లు ఉండవు. తీరం నుంచి కొంత దూరం పోయాక నేల మీది రాడార్‌కు కూడా విమానం అందదు. అటువంటి చోట గంటల తరబడి తిరుగుతూ, అలల మీద తేలే చిన్న ముక్కను రాడార్‌తో, కెమెరాతో, కిటికీకి ముఖం ఆనించి కూర్చున్న సిబ్బంది కళ్లతో వెతకగలిగేది అరక్కోణంలోని రాజాళి నౌకాదళ స్థావరం నుంచి ఎగిరే పీ-8ఐ వంటి గస్తీ విమానమే. 2014లో మలేషియా విమానం ఎంహెచ్370 మాయమైనప్పుడు, జలాంతర్గాముల చప్పుడు వినడానికి నీటిలో జారవిడిచే సోనోబాయ్‌లనే ఆస్ట్రేలియావారు సవరించి, బ్లాక్‌బాక్సు సంకేతాన్ని వినేందుకు వాడారు. పెర్త్ దగ్గర నుంచి వారి ఓరియన్ విమానాలు వెళ్లడానికి సుమారు నాలుగు గంటలు, తిరిగి రావడానికి నాలుగు గంటలు పట్టగా, వెతకడానికి మిగిలింది రెండు గంటలే. అయినా వెళ్లారు, ఆ విమానంలో 239 మంది ఉన్నారు.

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయినప్పుడు సుఖోయ్ యుద్ధవిమానాలు గాలించాయి, ఇస్రో ఉపగ్రహం అడవిని ఫొటోలు తీసింది. ఆ రాత్రంతా టీవీ ముందు కూర్చున్న మా బంధువర్గంలో ఖర్చు లెక్క అడిగినవారు ఒక్కరూ లేరు, బావగారితో సహా. అడగకపోవడమే న్యాయం. మరి 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరి బంగాళాఖాతం మీద మాయమైన వాయుసేన రవాణా విమానం ఏఎన్-32లోని 29 మందికి ఆ న్యాయం ఎందుకు వర్తించదు? వారిలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసే పౌర ఉద్యోగులు. కాన్వాయ్ లేనివారి కోసం పెట్రోలు పోస్తేనే మనవాళ్లకు ప్రజాధనం గుర్తుకొస్తుంది!

ఖర్చు గురించే మాట్లాడదామంటే నాకు ఆనాటి నుంచీ మంటగా ఉన్న విషయం ఒకటుంది. నీటిలో మునిగాక 37.5 కిలోహెర్ట్జ్ దగ్గర కనీసం 30 రోజులు శబ్దం చేస్తూ ఉండే చిన్న పరికరం ఒకటి ఉంటుంది. బంగాళాఖాతం దాటవలసిన ఆ ఏఎన్-32లో అది లేదు. ఉన్న అత్యవసర ట్రాన్స్‌మిటర్ల రేడియో సంకేతం నీటి అడుగు నుంచి పైకి రాదు. అంటే గస్తీ విమానాలనూ నౌకలనూ జలాంతర్గామినీ పంపి, వినడానికి ఏ చప్పుడూ లేని సముద్రాన్ని వినమన్నాము. చివరికి 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఆ శకలాల ఫొటోలు దొరికాయని ప్రకటించారు. ఏడున్నరేళ్లు ఆ ఇళ్లవాళ్లు ఏమని చెప్పుకొని బతికారో బావగారి సందేశంలో లేదు. దండగ ఖర్చు లెక్క తేల్చాలని అంత పట్టుదల ఉన్నవారు, సముద్రం మీదికి పంపే విమానానికి ఆ పరికరం బిగించకుండా మిగిల్చిన డబ్బు ఎంతో ముందుగా అడిగి తెలుసుకోండి.