సవరణ: ‘మిస్టర్ టాంబొరిన్ మ్యాన్’లో వాయించింది ఎవరు?

అమెరికన్ రాక్ బ్యాండ్ ‘ది బర్డ్స్’ మీద వచ్చిన క్రితం వ్యాసంలో, వాళ్ల తొలి ఆల్బమ్ మొత్తం స్టూడియో వాద్యకారులే (రికార్డింగుకు కూలికి పిలిచే బయటివాళ్లు) వాయించారని ఉంది. అది సరికాదు. అలా జరిగింది రెండే పాటలకు: ‘మిస్టర్ టాంబొరిన్ మ్యాన్’, ఆ సింగిల్ (వైపుకొక పాట ఉండే చిన్న రికార్డు) రెండో వైపు ఉన్న ‘ఐ న్యూ ఐడ్ వాంట్ యూ’. 1965 జనవరి 20న హాలీవుడ్‌లోని కొలంబియా స్టూడియోలో ఈ రెండూ రికార్డయ్యాయి. డ్రమ్స్ హాల్ బ్లెయిన్, బేస్ లారీ నెక్టెల్. బ్యాండ్ నుంచి వాయించింది రోజర్ మెగ్విన్ (అప్పట్లో జిమ్) ఒక్కడే. జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్బీ గొంతు మాత్రం కలిపారు. ఆల్బమ్‌లో మిగతా పాటలన్నీ బ్యాండ్‌లోని అయిదుగురూ స్వయంగా వాయించినవే. కాబట్టి ‘వాళ్లకు వాయించడం రాదు’ అనే మాట నిలవదు. అది వాళ్లకు అన్యాయం కూడా.

గిటార్ గురించి కూడా కొంత చెప్పాలి. మెగ్విన్ వాయించిన రికెన్‌బాకర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్‌లో పన్నెండు తీగలు ఆరు జంటలుగా ఉంటాయి. కింది స్థాయి నాలుగు జంటల్లో ఒక తీగ రెండోదానికి ఒక అష్టకం (ఆక్టేవ్) పైన పలుకుతుంది. పై రెండు జంటల్లో రెండూ ఒకే స్వరం. ఆ గిటార్ ధ్వనిలోని మెరుపు కొంత ఇక్కడిది. అయితే స్వరం అంతసేపు నిలబడడానికి కారణం కంప్రెసర్ అనే పరికరం: మీటిన క్షణంలోని దెబ్బను అణచి, స్వరం సన్నగిల్లే తోక భాగాన్ని పైకి తెస్తుంది. ఎక్కువ పెడితే హమ్ (వెనక వినిపించే గుయ్‌మనే మోత) కూడా పైకి లేస్తుంది, మీటు పదును పోతుంది.

క్లార్క్ బ్యాండ్ వదిలింది 1966లో. 1967లో క్రాస్బీని బ్యాండ్ నుంచి తీసేశారు.